చదవడం మొదలుపెట్టిన పిల్లలకు బొమ్మల డిజిటల్ కథ ఎలా కట్టాలి?

ప్రశ్న: పలమనేరు వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో ఒకటి, రెండు తరగతులు చూస్తున్నాను. అడవి ఏనుగుల మీద 14 పేజీల బొమ్మల కథ తయారుచేసి క్లాసు టీవీలో వేశాను. పిల్లలు బొమ్మలు చూసి సంబరపడుతున్నారు, నేను చదివితే వింటున్నారు. వాళ్లంతట వాళ్లు మాత్రం ఒక్క లైను కూడా చదవడం లేదు. ఏం మార్చాలి? ఏ సాఫ్ట్‌వేర్ వాడితే బాగుంటుంది?

సమాధానం:

టీచర్ గారూ, సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత చూద్దాం. ఇబ్బంది అక్కడ లేదు. మీ కథలో మొదటి వాక్యం ఇది: "కౌండిన్య అడవిలో ఒక గున్న ఏనుగు తల్లి నుంచి తప్పిపోయింది." ఎనిమిది మాటలు. అందులో న్య, న్న, ల్లి, ప్పి అని నాలుగు వత్తులు. మొదటి అక్షరమే కౌ. ఆపైన ఓత్వం, కొమ్ము, గుడి, సున్న. ఒకటో తరగతి పిల్ల అక్కడే ఆగిపోయి బొమ్మవైపు చూస్తుంది, అది సహజం. కథలో తప్పేమీ లేదు, వినడానికి చాలా బాగుంది. అది మీరు చదివి వినిపించాల్సిన కథ. పిల్ల చేతికిచ్చి చదవమనే కథను వేరే పద్ధతిలో కట్టాలి. బడిలో రెండూ కావాలి, రెండు పనులూ ఒకే పుస్తకం మీద మోపకూడదు.

చాలామంది పొరబడేది ఇక్కడే. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన పిల్లల కథల వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో "స్థాయి 1" అని చూసి, చదవడం మొదలుపెట్టిన పిల్లలకు నేరుగా ఇచ్చేస్తారు. అక్కడ స్థాయి 1 అంటే 250 మాటల లోపు, తేలిక మాటలు, మళ్లీ మళ్లీ వచ్చే మాటలు అని అర్థం. ఏ అక్షరాలు, ఏ గుణింతాలు వచ్చాయన్న లెక్క అందులో లేదు. పైగా చాలా కథలు వేరే భాషల్లోంచి తెలుగులోకి వచ్చినవి కాబట్టి చిన్న వాక్యంలో కూడా రెండు మూడు వత్తులు దొర్లుతాయి. చదివి వినిపించడానికి అవి మంచి కథలే. అక్షరాలు ఇప్పుడిప్పుడే కూడబలుక్కునే పిల్లకు మాత్రం కథకంటే ముందు అక్షరాల జాబితా తయారుకావాలి.

జాబితా ఎలా తయారుచేయాలంటే, అక్షరాలు, గుణింతాలు విడివిడి అట్టముక్కల మీద రాసి, కలిపేసి, ఒక్కో పిల్లకు చూపించండి. అ ఆ ఇ ఈ వరసలో అప్పజెప్పడం వేరు, మధ్యలోంచి ఒకటి తీసి చూపిస్తే చెప్పడం వేరు. పది మందిలో ఎనిమిది మంది తడుముకోకుండా చెప్పినవే జాబితాలోకి ఎక్కాలి. పాఠ్యపుస్తకంలో ఏ వరసలో నేర్పుతున్నారో మీ జాబితా కూడా అదే వరసలో పెరగాలి. కథకోసం వరస మార్చవద్దు.

ఇక తెలుగుకే ఉన్న ఒక చిక్కు. తలకట్టు అక్షరాలు మాత్రమే వచ్చిన దశలో పలక, పడవ, వల, గద అంటూ పేర్ల చిట్టా తయారవుతుంది తప్ప కథ రాదు. మన వాక్యం క్రియతో ముగుస్తుంది, మన క్రియలకు చివర గుడో కొమ్మో ఉంటుంది. దీర్ఘం వస్తే "పద పద", "దా", "ఆడదామా" లాంటివి వాడుకోవచ్చు. అసలు తలుపు తెరుచుకునేది గుడి, సున్న వచ్చాక. అప్పుడు ఆగింది, దిగింది, లాగింది, దాగింది, పడింది అన్నీ ఒక్కసారిగా చేతికొస్తాయి. అందుకే మొదటి కథల్లో ముఖ్యపాత్ర ఒక జంతువో, పక్షో, ఆడపిల్లో కావాలి. అబ్బాయిని పెట్టారంటే "ఆగాడు, దిగాడు" అనాలి, కొమ్ము రానిదే అది కుదరదు. ఇద్దరు ముగ్గురు కలిసి ఏదైనా చేస్తే "ఆగారు, దిగారు", అదీ కొమ్మే. ఒకే జంతువు, ఒకే పని, ఒకే చిక్కు. ఈ దశకు అంతే చాలు.

ఉదాహరణకు ఒక కథ మొత్తం ఇక్కడే ఇస్తున్నాను. కావాలంటే యథాతథంగా వాడుకోండి. జాబితా: ఇ, ఊ, క, గ, ట, డ, త, ద, బ, మ, ర, ల, వ. మొత్తం 13 అక్షరాలు, దీర్ఘం, గుడి, సున్న. పేరు "కాకి – మామిడి". పేరు కూడా జాబితాలోని అక్షరాలతోనే ఉండాలి. అట్ట మీద "కాకమ్మ గారి మామిడిపండు" అని పెడితే పిల్ల గడపలోనే ఆగిపోతుంది.

పేజీ 1: ఇది మామిడి.
పేజీ 2: కాకి వాలింది.
పేజీ 3: మామిడి ఊగింది.
పేజీ 4: కాకి లాగింది.
పేజీ 5: మామిడి ఊగింది. కాకి ఊగింది.
పేజీ 6: కాకి ఇంకా లాగింది.
పేజీ 7: మామిడి రాలింది!
పేజీ 8: ఇదా? ఇది బంతి.
పేజీ 9: ఇదా? ఇది గంట.
పేజీ 10: మాటలు లేవు. మెడలో గంట ఉన్న మేక, నోట్లో మామిడికాయ.

మొత్తం 23 మాటలు, అందులో వేర్వేరు మాటలు 11. చిన్నదని అనుకోవద్దు. చిన్న తరగతుల చదువు కోసం 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ కూడా ఒకటో తరగతి చివరికి నాలుగైదు తేలిక మాటల వాక్యం చదవగలగాలనే అంటుంది. ఇది అంతకంటే ముందు మెట్టు.

ఇందులో ఏది ఎందుకు పెట్టామో చూడండి. తొమ్మిదో పేజీలో ముందు తట్టేది "ఇది రాయి". కానీ యి దగ్గర గుడి, కి, ది ల్లో లాగా పైన స్పష్టంగా కనబడదు. గుడి కొత్తగా నేర్చుకున్న పిల్ల దాన్ని య అనే చదువుతుంది. అందుకే గంట. గంట వల్ల ఇంకో మేలు జరిగింది. గడ్డిలోంచి గంట మాత్రమే కనబడితే, పేజీ తిప్పాక మేక బయటపడుతుంది. "గంప" అని ఎందుకు పెట్టలేదంటే, అక్కడ సున్న "మ్" అని పలుకుతుంది. ఈ కథలో సున్న వచ్చిన మాటలన్నిట్లో దాని తర్వాత క, ట, త, ద మాత్రమే ఉన్నాయి. సున్న "మ్" అయ్యే మాటలు ఇంకో పుస్తకానికి దాచండి. "మామిడికాయ" అనకుండా "మామిడి" అని ఆపింది కూడా ఇందుకే: అయిదక్షరాల మాట కూడబలుక్కునేసరికి మొదటి అక్షరం మరిచిపోతారు. మ–య, ప–వ, ద–ధ, బ–భ, న–స జంటలను ఒకే పేజీలో పక్కపక్కన పెట్టకండి. కొమ్ము నేర్పాక వు కూడా మ లాగా కనబడుతుంది, ఆ రెండింటినీ దూరంగా ఉంచండి.

మీ ఏనుగును వదులుకోవాల్సిన పని లేదు. న, అ, ఆ, ఏ, కొమ్ము వచ్చిన రోజు "ఏనుగు ఆగింది. అరటి లాగింది." అని మొదలుపెట్టవచ్చు. ఆ తర్వాత ద్విత్వాలు: అమ్మ, అవ్వ, బువ్వ, కుక్క. సంయుక్తాలు అన్నిటికంటే చివర. అమ్మ, నాన్న లాంటివి ముందే కావాలనిపిస్తే, పుస్తకానికి రెండు మాటలకు మించకుండా, బోర్డు మీద ముందే చూపించి వాడుకోండి. పేర్ల విషయంలో పిల్ల ఇంట్లో వినే మాటే పెట్టండి: అంగడి, అవ్వ, సంగటి. అక్షరాలు కూడబలుక్కుని పలికినప్పుడు చెవికి తెలిసిన మాట తగిలితేనే "ఓ, ఇదా" అని తనే సరిదిద్దుకుంటుంది. కుప్పం, నగరి వైపు ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడే పిల్లలుంటే, పుస్తకం తెరిచేముందు ఆ పదకొండు మాటలూ నోటితో అనిపించి, అర్థం తెలుసో లేదో చూసుకోండి.

రాసింది జాబితా దాటిందో లేదో కంటితో చూస్తే తప్పించుకుపోతుంది. పాఠాన్ని నోట్‌ప్యాడ్‌లో వేసి, వెతికే పెట్టెలో పొల్లు గుర్తు ( ్ ) ఒక్కటే టైపు చేసి వెతకండి. యూనికోడ్‌లో ప్రతి వత్తు ముందూ ఒక పొల్లు దాగి ఉంటుంది కాబట్టి వత్తులన్నీ దొరికిపోతాయి. అలాగే కొమ్ము, ఎత్వం, ఒత్వం ఒక్కొక్కటే వెతకండి. అయిదు నిమిషాల పని.

బొమ్మల దగ్గరికి వద్దాం. మొదటి నియమం: బొమ్మ మాటకు సాయం చేయాలి, మాట బదులు నిలబడకూడదు. రెండో పేజీలో కాకి రెక్కలు విప్పి గాల్లో ఉంటే పిల్ల "కాకి ఎగిరింది" అని చదివేస్తుంది, అక్షరాలు చూడదు. కాళ్లు కొమ్మను తాకాలి, గోళ్లు కొమ్మ చుట్టూ మడిచి ఉండాలి, రెక్కలు సగం ముడుచుకోవాలి, కొమ్మ కొద్దిగా కిందికి వంగాలి. అప్పుడు "వాలింది" అన్న మాటకు బొమ్మ సరిపోతుంది. నాలుగో పేజీలో కాకి ముక్కుతో తొడిమ పట్టుకుని ఉండాలి, కాయను కాదు. కాయను పట్టుకుంటే "తినింది" అంటారు. కాయ తోతాపురి అయితే మంచిది. మన వైపు పిల్లలందరికీ తెలిసిన కాయ, దాని కొస ముక్కులాగా ఉంటుంది కాబట్టి ఎనిమిదో పేజీలో బంతికీ దానికీ తేడా ఇట్టే తెలుస్తుంది. ఆ పేజీలో బంతిని సగం గడ్డిలో దాచి, మామిడి రంగే వేయండి. ప్రశ్న నిజమైన ప్రశ్న అవుతుంది.

కాకి అన్ని పేజీల్లో ఒకే కాకిలా ఉండాలి. ముందు ఒక కాగితం మీద ఎదుటి నుంచి, పక్క నుంచి, వంగినప్పుడు అని మూడు రకాలుగా గీసి, తల ఎంత, ఒళ్లు ఎంత అని కొలత రాసుకుని, దాన్ని ఎదురుగా పెట్టుకుని మిగతావి గీయాలి. ఏఐతో బొమ్మలు తెప్పిస్తే సరిగ్గా ఇదే చెడుతుంది: ఒక పేజీలో ముక్కు పొడుగు, ఇంకో పేజీలో మెడ బూడిద రంగు, మామిడాకులు ఏ చెట్టువో తెలియవు. వాడేట్టయితే ఒక్కో బొమ్మనూ పక్కపక్కన పెట్టి సరిచూసి దిద్దుకోవాలి. అంత దిద్దేకంటే గీయడం వచ్చిన పెద్ద తరగతి పిల్లల చేత స్కెచ్ పెన్నుతో గీయించడం మేలని నా అభిప్రాయం.

శ్రీకాళహస్తి కలంకారీ పద్ధతిలో వేయించాలని కొందరికి ఆశగా ఉంటుంది. కళ్లు చెదిరే కళ అది. అయితే ఖాళీ లేకుండా నిండే లతలు, పూలు, అంచుల మధ్య చిన్న కాకి ఎక్కడుందో పిల్ల వెతుక్కోవాల్సి వస్తుంది. వినిపించే కథకు నిండుగా వేయండి. చదివే కథకు అట్ట మీద అంచుగా వేసి ఆపండి. లోపల పేజీకి రెండు మూడు వస్తువులు, వెనక ఒకే లేత రంగు, అంతే.

కొలతలు: పేజీ అడ్డంగా, 16:9, గీసేటప్పుడు 3840×2160 పిక్సెళ్లు. టీవీకి 1920×1080కి తగ్గించుకోవచ్చు, అచ్చు వేయాలంటే ఏ4 అడ్డానికి 300 డీపీఐలో సరిపోతుంది. అడుగున పేజీ ఎత్తులో నాలుగో వంతు అన్ని పేజీల్లోనూ మాటలకే వదలండి. బొమ్మ మీద మాటలు రాయకండి. కాగితం మీద గీస్తే 300 డీపీఐలో స్కాన్ చేయండి. స్కానర్ లేకపోతే వరండా నీడలో, ఫ్లాష్ లేకుండా, ఫోన్‌ను కాగితానికి సరిగ్గా పైన పట్టుకుని ఫొటో తీయండి. కంప్యూటర్‌లో గీసేవాళ్లకు క్రిత, ఇంక్‌స్కేప్ రెండూ ఉచితం.

అక్షరాల రూపం మీద కొంచెం ఎక్కువ శ్రద్ధ పెట్టండి. మండలి, నోటో సాన్స్ తెలుగు లాంటి నిండైన, స్పష్టమైన ఫాంట్లు తీసుకోండి. ధూర్జటి, రవి ప్రకాశ్ లాంటి అలంకారపు ఫాంట్లు పెద్దవాళ్ల శీర్షికలకు బాగుంటాయి, ఇక్కడ వద్దు. పుస్తకం మొత్తానికి ఒకే ఫాంటు. 16:9 స్లైడులో 60 నుంచి 72 పాయింట్లు, ఏ5 అచ్చుకు 28 నుంచి 32. పైన గుడి, కింద వత్తు ఉంటాయి కాబట్టి వరసల మధ్య దూరం 1.5కు తగ్గకూడదు, తగ్గితే పై వరస వత్తు కింది వరస గుడిని తాకుతుంది. మాటల మధ్య ఖాళీ మామూలుకు రెండింతలు ఉంచండి. మాట వరస చివర విరగకూడదు. లేత పసుపు మీద నలుపు రంగు సరిపోతుంది.

గుడి ఒక్కదానికి ఎర్ర రంగు వేద్దామని చాలామందికి అనిపిస్తుంది. చాలా సాఫ్ట్‌వేర్లలో అలా చేయగానే అక్షరం, గుడి విడిపోయి, గుడి కింద చుక్కల సున్న వచ్చి కూర్చుంటుంది. రంగు చూపాల్సి వస్తే మొత్తం అక్షరానికే వేయండి. ఫొటోషాప్‌లో వత్తులు విడిపోయి పొల్లుగా కనబడితే, టైప్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోవాలి. డీటీపీ సెంటర్‌లో టైపు చేయిస్తే యూనికోడ్‌లోనే కావాలని ముందే చెప్పండి. అను ఫాంట్లలో చేసినది వాళ్ల కంప్యూటర్‌లో చక్కగా కనబడుతుంది, మీ ఫోన్‌లో ఇంగ్లిషు అక్షరాల గందరగోళంగా తెరుచుకుంటుంది. కన్వర్టర్‌తో మార్చినా వత్తులు మళ్లీ ఒక్కొక్కటే సరిచూడక తప్పదు.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్. బొమ్మలు, మాటలు కలిపి పీడీఎఫ్ చేయడానికి లిబ్రాఫీస్ ఇంప్రెస్ గానీ పవర్‌పాయింట్ గానీ చాలు. పంపేది పీడీఎఫ్ మాత్రమే. పీపీటీ పంపితే అవతలి కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేక వేరేది పడుతుంది, వరసలు జరిగిపోతాయి. శబ్దం కలిపిన పుస్తకం కావాలంటే ఎస్‌ఐఎల్ సంస్థ ఉచితంగా ఇచ్చే బ్లూమ్ వాడండి, అది విండోస్‌లో నడుస్తుంది. అందులో డీకోడబుల్ రీడర్ అని ఒక సాధనం ఉంది. మీ అక్షరాల జాబితా దశలవారీగా ఇస్తే, జాబితా దాటిన మాటలను పట్టి చూపిస్తుంది. గుణింతపు గుర్తులు కూడా జాబితాలో చేర్చి, నాలుగు మాటలతో సరిచూసుకున్నాకే నమ్మండి. కథ అందరికీ అందాలంటే స్టోరీవీవర్‌లో పెట్టవచ్చు. అక్కడ పెట్టిన కథ సీసీ బై 4.0 లైసెన్సు కిందికి వస్తుంది, అంటే పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. కాబట్టి గూగుల్‌లో దొరికిన బొమ్మలు, కాన్వా లైబ్రరీలోని బొమ్మలు అందులో కలపకూడదు. స్టోరీవీవర్‌లోని బొమ్మలు వాడుకుంటే గీసినవాళ్ల పేరు చివరి పేజీలో రాయాలి.

శబ్దం: పేజీ తెరవగానే గొంతు వినబడకూడదు. వినబడితే పిల్ల చదవదు, వింటుంది. మూలన ఒక స్పీకరు గుర్తు పెట్టి, నొక్కితేనే పలకనివ్వండి, ముందు తను చదివి, తర్వాత నొక్కి సరిచూసుకోవాలి. రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఆపి, ఫోన్‌ను నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కగా పెట్టండి. ఎదురుగా పెడితే ప, బ పలికినప్పుడు గాలి కొడుతుంది. అక్షరాలు విడగొట్టి "కా... కి" అని చదవకండి, మాటను మాటగా, మాటకూ మాటకూ మధ్య చిన్న విరామంతో చదవండి. పేజీకి ఒక ఫైలు, మోనో ఎంపీ3, 64 కేబీపీఎస్ చాలు. పలుకుతున్న మాట వెలిగేలా చేస్తే చూపు మాట వెంట నడుస్తుంది. టీవీ పాటలకు అదే భాషలో అక్షరాలు వేసి చదివించే పద్ధతిని బ్రిజ్ కొఠారి 1996లో ఐఐఎం అహ్మదాబాద్‌లో మొదలుపెట్టింది కూడా ఈ ఆలోచనతోనే. రెక్కలు ఆడటం, ఆకులు కదలడం లాంటి యానిమేషన్ మాత్రం పెట్టవద్దు, కదిలే బొమ్మ పక్కన కదలని అక్షరాన్ని ఏ పిల్లా చూడదు.

పూర్తయ్యాక అందరికీ ఒకేసారి టీవీలో వేయకండి. నలుగురు పిల్లలను ఒక్కొక్కరిగా కూర్చోబెట్టండి. బాగా చదివే పిల్లను కాదు, మధ్యస్థంగా ఉన్నవాళ్లను. మొదట బొమ్మ మీద అట్టముక్క పెట్టి మాటలు మాత్రమే చూపండి, తర్వాత బొమ్మ తెరవండి. చదువుతుంటే దిద్దకుండా, ఏ మాట దగ్గర ఏమన్నారో రాసుకోండి. అట్ట ఉన్నప్పుడు ఆగిపోయి, బొమ్మ చూడగానే గడగడా చెప్పేస్తే ఆ బొమ్మ ఎక్కువ చెప్పేస్తోంది. బొమ్మ చూశాక తప్పు చదివితే బొమ్మను మార్చాలి. 23 మాటల్లో రెండుకు మించి తడుముకుంటే జాబితాలో తొందరపడి ఏదో అక్షరం చేర్చారు, దాన్ని తీసి మాట మార్చండి. నలుగురూ ఒకే మాట దగ్గర ఆగితే తప్పు పిల్లలది కాదు, పేజీది. చదవడం అయ్యాక పదో పేజీ చూపించి "ఏమైంది?" అని అడగండి. "మేక తినేసింది" అని వాళ్ల మాటల్లో చెప్పారంటే కథ అర్థమైనట్టే.

ఇళ్లకు పంపేటప్పుడు పేజీలను వాట్సాప్‌లో ఫొటోలుగా పంపకండి, అక్షరాల అంచులు చెదిరిపోతాయి. డాక్యుమెంట్‌గా పెట్టండి. బొమ్మలను జేపెగ్ 80 నాణ్యతలో పెడితే ఒక్కోటి 300 కేబీ దగ్గర ఆగుతుంది, పుస్తకం మొత్తం 3–4 ఎంబీకి మించదు. పంపేముందు మీ దగ్గరున్న అన్నిటికంటే చిన్న, పాత ఫోన్‌లో ఒకసారి తెరిచి, ఫోన్‌ను అడ్డంగా తిప్పి, వెలుతురు సగానికి తగ్గించి, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా మీరే పైకి చదివి చూడండి.